ఎంతమందిని కనాలో ఆడవాళ్లకి చెప్పే ముందు

ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయడానికి లేదని 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో పెట్టారు. 2024 నవంబరులో ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు సభల్లో పెద్దవాళ్లు ఇంకా కనండి, లేకపోతే రేపు పనిచేసేవాళ్లు ఉండరు అంటున్నారు. ముప్పై ఏళ్లలో మాట పూర్తిగా తిరగబడిపోయింది. చాలన్నప్పుడూ ఆడవాళ్లకే చెప్పారు, కనమన్నప్పుడూ ఆడవాళ్లకే చెప్తున్నారు. కోనసీమలో పుట్టి పెరిగిన నాకు ఇది వింటే కోపం వస్తుంది.

అసలు జనం ఎందుకు పెరిగారు? బళ్లో సోషల్ పరీక్షకి నిరక్షరాస్యత, పేదరికం, బాల్యవివాహాలు, మూఢనమ్మకాలు అని వరసగా కారణాలు రాయించేవారు. అవన్నీ అంతకు ముందు వందల ఏళ్లు కూడా ఉన్నాయి కదా, మరి అప్పుడు జనం ఇలా ఎందుకు పెరగలేదు? మా మామ్మకి తొమ్మిది కాన్పులు, బతికింది ఐదుగురు. వాళ్లమ్మకీ ఇంచుమించు అన్ని కాన్పులే, బతికింది ఇద్దరు. కనడం పెరగలేదండీ, చావడం తగ్గింది. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే తర్వాత పుట్టినవాడిని పెంటకుప్ప మీద పెట్టి తీసుకొచ్చి పెంటయ్య అని పేరు పెట్టుకున్న తల్లులు మన ఊళ్లలో ఉండేవాళ్లు. మృత్యువు కంట పడకూడదని. అంత భయంలో ఉన్న మనిషి ఇద్దరితో ఎలా ఆగుతుంది?

మన డెల్టా చరిత్రలోనే ఇది కనిపిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. దానికి ముందు 1833 కరువు, 1839లో కోరింగని ముంచేసిన తుపాను, మధ్యలో వరదలు. చచ్చినవాళ్లు చావగా, వలస పోయినవాళ్లు పోగా, ఆ రోజుల్లో అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా తగ్గిపోయింది. కాటన్ దొర విగ్రహానికి ఇక్కడ ఊరూరా దండలు వేయడం వెనక ఉన్నది ఆ ఆకలి జ్ఞాపకమే. కాలవలొచ్చాక తిండి దొరికింది, బయటి నుంచీ జనం వచ్చి స్థిరపడ్డారు. స్వతంత్రం వచ్చాక ఊరూరా మశూచి టీకాలు, మలేరియా మందు చల్లడం, విరేచనాలకి ఉప్పు పంచదార కలిపిన నీళ్లు, ఆస్పత్రి కాన్పులు వచ్చాయి. స్వతంత్రం నాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 70కి అటూ ఇటూ. 1951లో 36 కోట్ల మందిమి 2011కి 121 కోట్లయ్యాం. చావులు త్వరగా తగ్గాయి, కాన్పులు తగ్గడానికి ఇంకో తరం పట్టింది, పెరుగుదలంతా ఆ మధ్యలో జరిగింది. పిల్లలు బతుకుతారన్న నమ్మకం మందు వచ్చినంత తొందరగా రాదు.

ఇక దాని ఫలితం. మా తాతగారికి ఐదెకరాలుండేది. నలుగురు కొడుకులకీ తలా ఎకరం పాతిక వచ్చింది. మా పెదనాన్నకి ముగ్గురు కొడుకులు, ఒక్కొక్కడికి నలభై సెంట్లు. పంపకాల రోజు నాకు బాగా గుర్తు. కొబ్బరిచెట్లు లెక్కపెట్టారు, కాపు తక్కువున్న చెట్లు ఎవరి వాటాలో పడ్డాయని అరగంట గొడవ. చేలో కొత్త గట్లు వేస్తే ఆ గట్లకే కొంత నేల పోయింది. మధ్య ముక్క వచ్చినవాడికి బోదె లేదు, పక్కవాడి చేలోంచి నీళ్లు రావాలి, ఏటా నాట్ల ముందు ఆ నీళ్ల దగ్గర అన్నదమ్ములకి మాటామాటా. ట్రాక్టరు దిగితే తిరగడానికి చోటుండదు. నలభై సెంట్లతో ఎవరూ బతకలేరు కాబట్టి ఒకడు కౌలుకిచ్చి హైదరాబాదు పోయాడు, ఒకడు అమ్మేశాడు, మూడోవాడు ఇంకో నాలుగు ముక్కలు కౌలుకి తీసుకుని చేస్తున్నాడు. సెంటు నేల లేనివాళ్ల సంగతి ఇంతకంటే కష్టం. వాళ్లు కాలవ గట్ల మీద, డ్రెయిన్ల పక్కన ఇళ్లు వేసుకున్నారు, వాళ్ల ఆడవాళ్లు ఇళ్లలో పనికి కువైట్, మస్కట్ వెళ్లారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరిగారు.

అదే కాలవ నీళ్లు మాకు తాగునీళ్లు. వేసవిలో కాలవలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటాం, మళ్లీ వదిలేదాకా అవే. 2011 లెక్కల్లో ఇదే డెల్టాలో ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాలో చదరపు కిలోమీటరుకి 508 మంది, దేశం సగటు 382. అంతమంది మురుగూ చివరికి ఆ కాలవల్లోకీ డ్రెయిన్లలోకే చేరుతుంది. అయితే నీళ్లు పాడవడం మొత్తం జనాభా మీదకి నెట్టేస్తే నేను ఒప్పుకోను. చేపల, రొయ్యల చెరువుల తవ్వకాలకి డ్రెయిన్లు పూడిపోతే, పూడిక తీయకపోతే, ఆ తప్పు గట్టు మీద గుడిసె వేసుకున్నవాళ్లది కాదు. బీదవాళ్లు ఎక్కువ కనడం వల్లే దేశం ఇలా ఉందని టీ కొట్ల దగ్గర తేలిగ్గా అనేస్తారు. ఐదుగురున్న కూలి ఇల్లు వాడే నీళ్లు, కరెంటు, పెట్రోలు ఎంత, రెండు కార్లున్న ఇల్లు వాడేదెంత, అది కూడా చూడాలి కదా.

ఇప్పుడు మనం ఎక్కడున్నామో చాలామందికి తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఒక స్త్రీకి సగటున 2.0 మంది పిల్లలు, మన రాష్ట్రంలో 1.7, బీహార్‌లో 3.0. 2001 నుంచి 2011 దాకా దేశ జనాభా 17 శాతం పైన పెరిగితే తూర్పు గోదావరిలో పెరిగింది ఐదు శాతమే. మరి కాన్పులు తగ్గాక కూడా జనం ఎందుకు పెరుగుతున్నారంటే, 90ల్లో, 2000ల్లో పుట్టినవాళ్లు చాలామంది కాబట్టి. వాళ్లంతా ఇద్దరేసి పిల్లల్నే కన్నా పుట్టేవాళ్లు ఎక్కువే ఉంటారు, పెద్దవాళ్లేమో ఇదివరకటిలా యాభైకే పోవడం లేదు. ఇక్కడ కుర్రాళ్లు తగ్గిన చోట బెంగాల్, బీహార్ నుంచి వచ్చినవాళ్లు నాట్లు వేస్తున్నారు. మా వీధిలో సగం ఇళ్లలో ముసలివాళ్లిద్దరే ఉంటారు.

ఈ తగ్గుదల ఎవరి ఒంటి మీద జరిగిందో మాత్రం ఎవరూ మాట్లాడరు. దేశం 1952లోనే కుటుంబ నియంత్రణ కార్యక్రమం పెట్టింది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, అందులో ఎక్కువ మంది మగవాళ్లు, చాలామందిని బలవంతంగా. ఆ భయానికి మగవాళ్లు తప్పుకున్నారు, భారమంతా ఆడవాళ్ల మీద పడింది. ఇందాక చెప్పిన 2019-21 సర్వేలోనే మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, చేయించుకున్నవాళ్లు. మగవాళ్ల ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. అదేమో చిన్న పని, కోత కూడా అంతంత మాత్రమే, అదే రోజు ఇంటికి పంపేస్తారు. మా అమ్మ తమ్ముడు పుట్టగానే క్యాంపులో చేయించుకుంది. బడి గదిలో చాపల మీద వరసగా పడుకోబెట్టారట, కుట్లు ఆరకముందే బిందెతో నీళ్లు మోసింది, నడుం నొప్పి ఇప్పటికీ ఉంది. నాన్న ఎందుకు చేయించుకోలేదమ్మా అంటే, "బరువులెత్తే మనిషి, ఆయనకి నీరసం వస్తే ఎలాగే" అంది. మరి ఆ బిందె ఎవరెత్తారు?

నిజంగా పిల్లలు కావాలనుకుంటే చేయాల్సిన పనులున్నాయి. రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 నిండకుండానే పెళ్లయిపోయిందని కూడా ఆ సర్వేలోనే ఉంది. ఆ పిల్లకి ఇరవై రెండో ఏటికి ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, మానేసిన చదువు. ముందు వీళ్లని ఇంటర్ దాటించండి. ఊడ్పుల కూలికీ రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడకీ కాన్పు సెలవు జీతంతో వచ్చేలా చూడండి. అంగన్‌వాడీ సాయంత్రం దాకా తీసి ఉంచితే చంటిపిల్లల్ని వదిలి పనికెళ్లగలరు. మగవాళ్ల ఆపరేషన్ గురించి మగవాళ్లకి చెప్పే మగ కార్యకర్తని ప్రతి ఆరోగ్య కేంద్రానికీ ఇవ్వండి. ఇవన్నీ చేశాక కూడా ఒకావిడ ఒక్కరు చాలనుకుంటే, అసలు వద్దనుకుంటే, అది ఆవిడ ఇష్టం.