తడి దూది

తపాలా శాఖలో ముప్పై ఆరేళ్లు పనిచేసి పదవీ విరమణ పొందిన తర్వాత, అరవై మూడో ఏట, హనుమకొండకు దగ్గర్లోని ఒక చిన్న ఆలన కేంద్రానికి వారానికి రెండు రోజులు వెళ్లడం మొదలుపెట్టాను. నయమయ్యే దశ దాటిపోయినవారికి నొప్పి, ఆయాసం, వాంతులు తగ్గించి, మిగిలిన రోజులు బాధ లేకుండా గడిచేలా చూడడం అక్కడి పని. పరకాల, నర్సంపేట, ములుగు వైపు పల్లెల నుంచి వచ్చేవారిలో ఎక్కువమంది క్యాన్సర్ రోగులే. మందులు, పుండ్లకు కట్లు నర్సులు చూసుకుంటారు. మంచం పక్కన కూర్చోవడం, పక్క మార్చేటప్పుడు ఒక చెయ్యి వేయడం, చెప్పేది వినడం, నోరు శుభ్రం చేయడం నాలాంటివారి వంతు.

ఈ నోరు శుభ్రం చేయడం గురించే రాయాలనిపించింది.

నేను చేరిన కొత్తలో ఒక పెద్దాయన కొడుకు తెల్లవారుజామున బస్సెక్కి, స్టీలు డబ్బాలో జొన్న జావ పట్టుకొచ్చేవాడు. అప్పటికే ఆయన మింగలేని స్థితిలో ఉన్నాడు. "బాపూ, రెండు చెంచాలన్న తాగే" అని బతిమాలుతూ కొడుకు నోట్లో పోసిన జావ శ్వాసనాళంలోకి జారి, ఆయన ఊపిరాడక దగ్గడం చూసి నాకు కాళ్లు ఆడలేదు. నర్సమ్మ పరుగున వచ్చి ఆయనను పక్కకు తిప్పి, దగ్గు తెరిపిచ్చాక కొడుకును బయటికి తీసుకుపోయి నెమ్మదిగా చెప్పింది: "అన్నా, బాపు తినక పోతలేడు. పోయే యాళ్ల దగ్గరికొచ్చింది గనుక ఆయనకు ఆకలైతలేదు."

ఆ మాట అతనికెంత కొత్తో నాకూ అంతే కొత్త. తిండి పెట్టడమే ప్రేమ అనుకునే ఇళ్లలో పుట్టిన మనకు, పెట్టవద్దనడం చేతులు కట్టేసినట్టే ఉంటుంది. అందుకే ఆమె ఆ చేతులకు వెంటనే వేరే పని అప్పగించింది. చిన్న పుల్లకు దూది చుట్టి, నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, ముందు పెదవులు, తర్వాత చెంపల లోపలి భాగం, చిగుళ్లు, నాలుక మీద పేరుకున్న తెల్లటి పూత మెల్లగా తుడవాలి. చివర పెదవులకు కొంచెం వాజిలిన్ రాయాలి. గంటకో రెండు గంటలకో మళ్లీ అదే పని. కొడుకు వణుకుతున్న చేత్తో దూది పెట్టగానే, రెండు రోజులుగా కళ్లు తెరవని తండ్రి పెదవులతో దాన్ని మెల్లగా చప్పరించాడు.

మా నాయిన గొంతు క్యాన్సర్‌తో పోయినప్పుడు ఇవేవీ మాకు తెలియవు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని ఒక ఆసుపత్రిలో చెప్పి పంపారు. నొప్పికి ఏం ఇవ్వాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మాదక ద్రవ్యాల నియంత్రణకు 1985లో వచ్చిన చట్టం వల్ల, ఒకదాని మీద ఒకటిగా లైసెన్సులు కావలసి వచ్చి, తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ అనే మందు చాలా ఆసుపత్రులకు దూరమైపోయిందని, 2014 సవరణ ఆ చిక్కును చాలావరకు సడలించిందని ఇక్కడికి వచ్చాకే తెలుసుకున్నాను. ఆ బిళ్ల నాలుగు గంటలకొకసారి, మలబద్ధకానికి మందుతో పాటు ఇస్తే, రాత్రంతా మూలిగిన మనిషి నిద్రపోవడం ఎన్నోసార్లు కళ్లారా చూశాను. అలవాటైపోతుందనీ, ప్రాణం తొందరగా పోతుందనీ భయపడి వద్దనే బంధువులకు ఈ సంగతి ఓపికగా చెప్పడం కూడా ఇప్పుడు నా పనుల్లో ఒకటి.

మొన్న శుక్రవారం ములుగు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ నోరు తుడుస్తున్నాను. చాలాసేపు కళ్లు మూసుకునే ఉంది. నేను గిన్నె తీసి పక్కన పెట్టబోతుంటే, "ఇంకోసారి పెట్టు బిడ్డా, సల్లగున్నది" అంది. మళ్లీ దూది ముంచాను.