పాల కేంద్రం దగ్గర అడిగిన మాట

"మరి దానికి మన ఎంపీ ఓటేసిండా?" అని పెదనాన్న అడిగేసరికి నోట మాట రాలేదు.

పొద్దున పాల కేంద్రం దగ్గర, చేతిలో వెన్న శాతం చీటీ పట్టుకుని ఆర్‌సెప్ సంగతి తీశాడు, అదే ఆసియా-పసిఫిక్ దేశాల మధ్య వ్యాపార ఒప్పందం. న్యూజిలాండ్ పాలపొడి వచ్చి పడుతుందని అప్పట్లో అందరికీ ఒకటే టెన్షన్. 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో మనవాళ్లు చేరేది లేదన్నారు, బతికిపోయాం.

కానీ చేరినా ఎవరి ఓటూ అక్కర్లేదు, సంతకం కేంద్ర ప్రభుత్వం చేతిలో పని, అమలుకు చట్టం కావాల్సి వస్తేనే పార్లమెంటు దాకా పోతుంది. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోదే అయినా అసెంబ్లీని అడిగి తీరాలన్న రూలేమీ లేదు.

అదే బెల్జియంలో వలోనియా అని ఒక ప్రాంతం ఉంది, జనాభా మన పాత నల్గొండ జిల్లా అంత, ముప్పై అయిదు లక్షలు అటూ ఇటూ. 2016 అక్టోబర్‌లో యూరప్ యూనియన్‌కీ కెనడాకీ మధ్య వ్యాపార ఒప్పందాన్ని వాళ్ల చిన్న పార్లమెంటు రెండు వారాలు ఆపేసింది! సంతకం కోసం రావాల్సిన కెనడా ప్రధాని ప్రయాణం వాయిదా వేసుకున్నాడు. అదనపు హామీలు రాయించుకున్నాకే ఒప్పుకున్నారు.

అందరూ అట్లా ఆపితే ఏ ఒప్పందమూ కాదేమో, నిజమే. పెదనాన్నకు ఇదంతా చెప్తే, "ఆళ్లకు అడిగేటోళ్లన్నా ఉన్నరు" అని ఖాళీ క్యాన్ బండికి తగిలించి పోయాడు.