పెళ్ళికి పిలవడానికి వచ్చే నరసింహుడు

అహో వీర్యం అహో శౌర్యం అహో బాహుపరాక్రమః
నారసింహం పరం దైవం అహోబిలం అహో బలమ్

హిరణ్యకశిపుణ్ణి చీల్చిన రూపాన్ని చూసి దేవతలు నివ్వెరపోయి అన్న మాటలివి అని అహోబిలంలో చెబుతారు. రెండు పంక్తుల్లో అయిదు ‘అహో’లు. చిన్నప్పుడు సాయంత్రం దీపం పెట్టాక నాన్నమ్మ ఈ శ్లోకం చెప్పించేది. నాకు మాత్రం అందులో గోళ్ళూ కోరలే కనిపించేవి. ఆ బెదురు పోయింది పారువేటలోనే.

పారువేట అంటే స్వామి వేటకు వెళ్ళే ఉత్సవం. చాలా ఆలయాల్లో అది ఒక్క పూటతో సరి. అహోబిలం సంగతి వేరు. కొండ మీది ఎగువ గుడి నుంచి జ్వాలా నరసింహుడు దిగివస్తాడు, దిగువ సన్నిధిలోని ప్రహ్లాదవరదుడు తోడవుతాడు. ఇద్దరూ ఒకే పల్లకీలో కనుమనాడు బయలుదేరి, 40 రోజులకు పైగా నల్లమల అంచున 30కి మించిన ఊళ్ళు తిరుగుతారు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, స్వామి కల్యాణం. దానికి రమ్మని పెళ్ళికొడుకే గడప గడపకూ వచ్చి పిలుస్తాడన్నమాట. శుభలేఖ ఫోనులో పంపి ఊరుకునే మనకు ఈ మర్యాద కాస్త సిగ్గు తెప్పించాలి.

ఈ కొండ మొదటి నుంచీ ఇంత చనువైనదేమీ కాదు. పన్నెండు వందల ఏళ్ళ కిందట తమిళ వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు దీన్ని కీర్తిస్తూ, దైవాలకు తప్ప ఇతరులకు చేరశక్యం కాని చోటు అన్నాడు. బాటసారుల బిడారుల మీద పడే విల్లు పట్టిన వేటగాళ్ళ కేకలూ, వాళ్ళ డప్పుల మోతా ఆయన పాశురంలో, అంటే తమిళ స్తుతిపద్యంలో, వినిపిస్తాయి. ఆళ్వారు కూడా ఒకప్పుడు దారి కాచి దోచినవాడేనని ఐతిహ్యం. అందుకేనేమో, ఆ చప్పుడు ఆయన చెవికి అంత బాగా పట్టింది!

ఉగ్రం చల్లారక అడవిలో తిరుగుతున్న స్వామికి ఒక చెంచుపిల్ల ఎదురైందని, ఆమెను చూసి మెత్తబడ్డాడని జనం కథ. ఆ పిల్ల సాక్షాత్తు లక్ష్మీదేవేనని పండితులు సర్దిచెబుతారు. గూడెంలో ఆ సర్దుబాటు ఎవరికీ అక్కర్లేదు. మా పిల్లను చేసుకున్నాడు, మా అల్లుడు, అంతే. నాకు ఆ మాటే నచ్చుతుంది. అడవి లోపల పావన నరసింహుడి దగ్గర చెంచులక్ష్మికి పూజలు జరిగేదీ ఆ చుట్టరికంతోనే.

పారువేటలో చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. అది వాళ్ళ భక్తి. ఆళ్వారు విన్న విల్లు ఇదే కదా అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. అప్పుడు దారినపోయేవాళ్ళ మీద ఎక్కుపెట్టినది, ఇప్పుడు ఇంటి అల్లుడి ముందు వంగుతుంది.

మా ఊళ్ళో పల్లకీ అరుగు మీద దిగగానే బోయీలు భుజాల మీది తుండుగుడ్డలు తీసి పిండుకునేవారు. చలికాలమే అయినా అంత చెమట. నాన్నమ్మ పళ్ళెంలో కొబ్బరికాయ, తమలపాకులు, ఒక పసుపుకొమ్ము పెట్టుకుని గంట ముందే వరుసలో నిలబడేది. పల్లకీ మళ్ళీ లేచేటప్పుడు, “ఫాల్గుణంలో వస్తాం స్వామీ” అని బిగ్గరగా మాటిచ్చేది. మోకాళ్ళ నొప్పులతో కొండెక్కడం మానేసి పదేళ్ళయినా, ఏటా అదే మాట.