రెండు గుమ్మటాల మధ్య

వాటికన్‌లో మావాళ్లంతా బొమ్మలు చూస్తామన్నారు. నేను మాత్రం సెయింట్ పీటర్స్ గుమ్మటం ఎక్కాలని పట్టుబట్టాను. మొత్తం 551 మెట్లు. లిఫ్ట్ ఎక్కితే 320 మిగులుతాయి. సిగ్గుపడకుండా లిఫ్టే ఎక్కాను.

నిజానికి అది ఒక గుమ్మటం కాదు, ఒకదానిమీద ఒకటి బోర్లించిన రెండు. దారి ఆ రెంటి మధ్య నుంచే. పైకి పోయేకొద్దీ గోడ మన మీదికి వాలుతుంది, దాంతోపాటు మనమూ ఒక పక్కకి ఒరిగి నడవాలి. నా ముందున్నావిడ రెండుసార్లు ఆగి గోడ పట్టుకుంది. నేనూ ఆగాను, కాకపోతే బీటలు వెతకడానికి.

1590లో పూర్తయిన ఈ గుమ్మటానికి తర్వాత నిలువు బీటలు వచ్చాయి. కమలాపండు తొనలు విడినట్టు, కింద మొదలై పైకి పోతూ సన్నబడేవి. పునాది ఒకచోట కుంగితే గోడలో పగులు ఏటవాలుగా, మెట్లుమెట్లుగా పోతుంది. ఇవి అలా లేవు. గుమ్మటం తన బరువుకి తానే అడుగున బయటికి తోసుకుంటోందన్నమాట. 1742లో పోప్ అడిగితే ముగ్గురు గణితజ్ఞులు లెక్కవేసి, గుమ్మటాన్ని చుట్టి బిగించి ఉంచే పాత ఇనుప పట్టీలు చాలవన్నారు.

తర్వాత పొలేని అనే ఇటలీ గణితజ్ఞుడు వచ్చాడు. నాకు ఇష్టమైన ఘట్టం ఇదే. గుమ్మటాన్ని కాగితం మీద 50 తొనలుగా కోసి, ఎదురెదురు తొనలు రెంటిని మళ్లీ ముక్కలుగా లెక్కేసి, ఆ ముక్కల బరువుల నిష్పత్తిలో 32 గుండ్లను గొలుసులా కట్టి వేలాడదీశాడు. ఆ వంపును తలకిందులు చేస్తే బరువు కిందికి దిగే దారి అవుతుంది. దాన్ని గుమ్మటంతో పోలిస్తే, గోడ మందంలోనే ఇమిడింది. అంటే బీటలున్నా గుమ్మటం కూలదు. అయినా పట్టీలు వేయమనే చెప్పాడు. 1743, 44ల్లో ఐదు వేశారు. పాత పట్టీ ఒకటి తెగి ఉందని తెలిశాక ఆరోది.

నేనైతే ఏ బీట చూసినా "పునాది కుంగింది" అనేసే రకాన్ని. ఒకసారి పాత సున్నపు గోడ పగుల్లో సిమెంటు కూరాను. ఏడాది తిరక్కుండానే దాని పక్కనే ఇంకోటి వచ్చింది. వానకి నానుతున్న గోడ అది, కారుతున్నది పైకప్పు. నేను పైకి చూడనే లేదు.

చివరి మెట్లు మరీ ఇరుకు, పట్టుకోవడానికి మధ్యలో తాడు వేలాడుతుంది. పైన అందరూ ఊరి ఫొటోలు తీసుకుంటుంటే, నేను కటకటాల మీద నుంచి వంగి పట్టీల కోసం చూశాను. ఒక్కటీ కనబడలేదు.