నెయ్యి లేని పెసరట్టు

ఆదివారం. అలారం మోగకముందే నాలుగున్నరకి మెలకువ వచ్చేసింది. లేచి చేసిన మొదటి పని వంటింట్లోకి వెళ్ళి గిన్నె మీద మూత తీసి పెసలు నానాయా లేదా చూడటం. రెండు గింజలు తీసి గోటితో నొక్కితే చటుక్కున బద్దలై పొట్టు జారిపోయింది, హమ్మయ్య అనుకున్నా. రాత్రి పదింటికి నీళ్ళు పోశా, అంటే ఆరున్నర గంటలు, ఈ చలికి సరిపోయింది. అదే ఎండాకాలం అయితే ఇంతసేపు బయట వదిలేస్తే నురగ కట్టి అదో రకం వాసన వచ్చేస్తుంది, నాలుగు గంటలు చాలు అప్పుడు.

ఇంత హడావుడి ఎందుకంటే మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చింది, నాలుగంటే నాలుగు రోజులు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర, జిమ్‌లో చేరి ఆర్నెల్లు, వీగన్ అయి మూడు నెలలు. పాలు లేవు, పెరుగు లేదు, నెయ్యి లేదు, ఆఖరికి టీ కూడా పాలు లేకుండా నల్లగా తాగుతోంది. పెరుగన్నం లేకుండా భోజనం అయిందని దాని కడుపుకి ఎలా తెలుస్తుందో నాకైతే అర్థం కాదు, కానీ అడిగితే లెక్చర్ మొదలవుతుంది కాబట్టి నోరు మూసుకున్నా.

గురువారం వచ్చింది, ఇడ్లీ పెట్టా. ఇందులో ప్రోటీన్ ఎంతుంటుందమ్మా అంది. ఎంతుంటే ఏంటే, తిను ముందు అన్నా. తిన్నది కానీ పదకొండు కాకుండానే ఆకలి అంటూ డబ్బాలన్నీ మూతలు తీసి చూస్తూ తిరిగింది, చివరికి జంతికల డబ్బా దొరికింది, దాని పక్కన కూచుని నేనూ ఓ నాలుగు లాగించా. శుక్రవారం తను తెచ్చుకున్న పొడి నీళ్ళలో కలుపుకుని తాగింది, బఠానీ ప్రోటీన్ అట, వానలో తడిసిన అట్టపెట్టె వాసన. అది ఒక్కటే తాగి ఓయూకి, అదే ఉస్మానియా యూనివర్సిటీకి, వెళ్ళి పరిగెత్తొచ్చి, కళ్ళు తిరుగుతున్నాయమ్మా అని సోఫాలో పడిపోయింది. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ పొడిలో ప్రోటీన్ ఉంటే ఉండొచ్చు, కానీ పరిగెత్తడానికి కాస్త పిండిపదార్థం ఉండాలి కదా కడుపులో, రాత్రి ఏడింటికి తిన్న రెండు పుల్కాలు ఎంతవరకు ఆదుకుంటాయి.

అప్పుడు అన్నాను, రేపు పెసరట్టు పోస్తా, నీ ప్రోటీనూ ఉంటుంది, నా తృప్తీ ఉంటుంది అని.

శనివారం కథ వేరే. పొద్దున్న ఆరింటికి వేడివేడిగా మూడు పెసరట్లు తినిపించి, ఆరున్నరకి పంపించా పరుగుకి. వెనకాల నేనూ నడుస్తూ బయల్దేరా, ఎందుకైనా మంచిదని. తార్నాకలో ఉండటం వల్ల ఈ ఒక్క సుఖం ఉంది మాకు, ఓయూ క్యాంపస్ పక్కనే, పొద్దున్నే ఆ చెట్ల కింద సగం ఊరు నడుస్తూ ఉంటుంది. నేను మెల్లిగా ఆర్ట్స్ కాలేజీ దగ్గరికి చేరేసరికి ఆ మెట్ల మీద పక్క పట్టుకుని వంకరగా కూచుని ఉంది మా మహాతల్లి. పక్కటెముకల కింద పట్టేసిందట. పైగా అల్లం త్రేన్పులు. 1939లో కట్టిన అంత గంభీరమైన బిల్డింగు ముందు కూచుని అమ్మా నీ పెసరట్టు మాట్లాడుతోందే అంటే నవ్వు ఆపుకోలేకపోయా, పాపం దానికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

తప్పు నాదే. పెసలంటే పీచు బాగా ఉన్న గింజ, అరగడానికి టైం తీసుకుంటుంది, అందుకే పదకొండింటి దాకా ఆకలి వెయ్యదు, అదే దాని గొప్ప. ఆ గొప్పే పరుగు ముందు శత్రువు అయి కూచుంటుంది. అరగంటలో ఏం అరుగుతుంది.

అందుకని ఇవాళ వరస తిప్పేశా. అయిదున్నరకి ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు, గ్లాసుడు నీళ్ళు ఇచ్చి పంపించేశా. అది తిరిగొచ్చేలోపు పిండి రుబ్బుకోవాలి. ముందే రుబ్బి పెట్టుకోవచ్చు కదా అంటారు మా ఆయన, ఇరవై ఆరేళ్ళ నుంచి ఇదే మాట. పెసరపిండి మినప్పిండిలా పులియబెట్టేది కాదండీ, నిలవున్నకొద్దీ అట్టు దళసరిగా మెత్తగా వస్తుంది, రుబ్బిన వెంటనే పోస్తేనే ఆ కరకర. ఇది కూడా ఇరవై ఆరేళ్ళ నుంచి చెప్తున్నా.

కొలత ఇవాళ మా అమ్మాయిది. నిన్న రాత్రి నేను గ్లాసుతో పోస్తుంటే ఆగమ్మా అని వంటింటి త్రాసు మీద పెట్టి తూచింది, 400 గ్రాములు పొట్టు పెసలు, నేను పైనుంచి గుప్పెడు బియ్యం వేశా. కరకరలాడటానికే వేస్తాను నేను, మా అమ్మ వేస్తుంది కాబట్టి వేస్తాను. అది మాత్రం ఫోన్ తీసి పాఠం చెప్పింది, ప్రోటీన్ తయారయ్యే ముక్కల్లో లైసిన్ అనేది పప్పుల్లో ఎక్కువ, మెథియోనిన్ అనేది తక్కువ, బియ్యంలో అది తిరగబడి ఉంటుంది, రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది అని. సరే అయితే మా అమ్మమ్మ కూడా సైంటిస్టే అన్నమాట అన్నా.

ఇంకో తమాషా. అది లెక్కలు చూసేది జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2017లో వేసిన పట్టికల్లోనట, 100 గ్రాముల పెసల్లో 22 గ్రాముల పైచిలుకు ప్రోటీన్, 17 గ్రాముల పీచు. ఆ సంస్థ ఎక్కడుందో తెలుసా, మా తార్నాకలోనే, ఓయూని ఆనుకుని. 1918లో కూనూర్‌లో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకని మొదలెట్టిన చిన్న యూనిట్ అది, 1958లో హైదరాబాద్ వచ్చింది. ఓయూ పుట్టిందీ 1918లోనే. ఇన్నేళ్ళు ఆ గోడ పక్కనుంచి కూరగాయల సంచి పట్టుకుని నడిచాను, లోపల నా పెసల లెక్కే రాసుకుంటున్నారని బెంగళూరు నుంచి వచ్చిన పిల్ల చెప్తే గానీ తెలియలేదు.

రుబ్బడం పెద్ద పని కాదు. నానిన పెసలు, బియ్యం, బొటనవేలంత అల్లం, నాలుగు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు. నీళ్ళు మాత్రం పిసినారిలా పొయ్యాలి. మరీ మెత్తగా వెన్నలా కాకుండా వేళ్ళ మధ్య కాస్త రవ్వ తగలాలి. పొట్టు తియ్యను, ఆ పచ్చరంగు పొట్టులోనే, పీచు కూడా బాగా ఉండేది అక్కడే. కింద పోర్షన్ వాళ్ళ మునగచెట్టు కొమ్మ ఒకటి మా బాల్కనీలోకి వచ్చింది, దాన్నుంచి గుప్పెడు ఆకు దూసి పిండిలో కలిపా. అడిగి కోశానా అంటే అడగలేదు, కొమ్మ మా వైపు వచ్చింది కదా.

పొయ్యి మీద పెనం పెట్టా, ఇనప పెనం. నీళ్ళు చల్లితే చుయ్ మంది. పిండి వేసి తిప్పబోతే గరిటెతో పాటు లేచొచ్చేసింది. ఇదేంట్రా బాబూ అని మంట తగ్గించి మళ్ళీ తిప్పితే ఈసారి పరుచుకుంది కానీ అడుగంటా అంటుకుపోయింది, అట్లకాడ పెట్టి గీకితే ముక్కలు ముక్కలు. అప్పుడు గుర్తొచ్చింది, రాత్రి దీని మీదే పుల్కాలు కాల్చా. పుల్కాలు కాల్చిన పెనం మీద అట్టు రాదు, అది తెలిసీ అట్ల పెనం పైన అరలో ఉంది, స్టూలు వేసుకోవాలని బద్ధకించా. ఇప్పుడు స్టూలు వెతికే టైం లేదు. నూనె చుక్క వేసి, ఉల్లిపాయ సగానికి కోసి, ఫోర్కుకి గుచ్చి పెనమంతా రుద్దా, నాలుగైదుసార్లు, ఆ ఉల్లిపాయ అంచులు నల్లబడి వాసన వచ్చేదాకా. తర్వాత నీళ్ళు చల్లి, గుడ్డతో తుడిచి, మంట తగ్గించి గరిటెడు పిండి మధ్యలో వేసి లోపల్నుంచి బయటికి తిప్పుకుంటూ వచ్చా. పరుచుకుంది! అప్పుడు మంట పెంచి, ఉల్లిపాయ ముక్కలు, అల్లం తురుము చల్లి గరిటెతో మెల్లిగా అదిమి, అంచుల వెంట అర స్పూను పప్పునూనె. హైదరాబాద్‌లో పప్పునూనె అంటే ఏ పప్పుది అంటారు షాపుల్లో, నువ్వులనూనే, మా కృష్ణా వైపు అలాగే అంటాం. అంచు దానంతటదే పైకి లేచి, అడుగు ఎర్రబడ్డాక మడతపెట్టా. తిరగేసి కాల్చేవాళ్ళు ఉంటారు, నేను తిరగెయ్యను, పైన ఉల్లిపాయ సగం పచ్చిగా ఉంటేనే నాకు ఇష్టం.

ఆ చిరిగిపోయిన మొదటి అట్టు ముక్కలు నిలబడే తినేశా. మొదటి అట్టు ఎప్పుడూ వంట చేసే మనిషిదే.

ఈలోపు అమ్మ ఫోన్. స్పీకర్‌లో పెట్టా. 

"ఏమే, పిల్లకి ఏం పెడుతున్నావ్?" 

పెసరట్టు అమ్మా అన్నా. 

"నెయ్యి వేశావా?" 

వెయ్యలేదు, అది తినట్లేదు కదా.

"నెయ్యి లేని పెసరట్టు ఏం పెసరట్టే, అట్టముక్కలా ఉంటుంది. బరువులెత్తే పిల్ల అంటావు, ఎముకలు ఏం కావాలి?" 

అప్పుడే తలుపు తీసుకుని చెమటలు కక్కుతూ వచ్చింది మా అమ్మాయి, అమ్మమ్మా నువ్వు పంపిన పప్పునూనె వేస్తోంది అమ్మ, నెయ్యి కంటే బాగుంది అంది. అంతే, అమ్మ గొంతు మారిపోయింది, "అవునా తల్లీ, అయితే ఇంకో డబ్బా పంపిస్తా". నా ముప్పై ఏళ్ళ వాదనలు ఒక్కటి కూడా ఇంత తొందరగా గెలవలేదు.

పెసలు కూడా అమ్మ పంపినవే. మా డెల్టాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న చేలోనే పెసలో మినుములో చల్లేస్తారు, కోత అయ్యేసరికి మొలక వచ్చి ఉంటుంది, ఆ మిగిలిన తడితోనే కాయ కాస్తుంది, వేరే దుక్కి లేదు. ఇప్పుడు మిషన్ కోతలొచ్చి ఆ చక్రాల కింద మొలకంతా నలిగిపోతోంది, ఈసారి మనం కూలీలతోనే కోయించాలే అని అమ్మ మొదలెట్టింది, కూలీ ఎంతో కూడా చెప్పింది, ఈలోపు పెనం మీద అట్టు మాడింది.

లెక్క చెప్తా. పిండి అంతా పోస్తే పద్దెనిమిది అట్లు వస్తాయి, అంటే ఒక్కోదాంట్లో అయిదు గ్రాముల ప్రోటీన్. మా అమ్మాయి నాలుగు తింది, ఇరవై. దాని బరువు 55 కిలోలు, మామూలు మనిషికి కిలోకి 0.83 గ్రాములు కావాలంటారు, ఆ లెక్కన రోజుకి 46, బరువులెత్తేవాళ్ళకి ఇంకా ఎక్కువే కావాలట, సరే మధ్యాహ్నం పప్పు ఉంది, సాయంత్రం గుగ్గిళ్ళు ఉన్నాయి, చూసుకుందాం. అల్లం పచ్చడి మాత్రం కొలవలేదు ఎవరూ, చింతపండు బెల్లం ఎండుమిర్చి వేసి నిన్నే నూరా, సగం గిన్నె ఖాళీ.

మా ఆయన వరస చివర. నెయ్యి వేసేది ఆయన ఒక్కరికే కాబట్టి ఆయన అట్లు ఆఖర్న పొయ్యాలని మా అమ్మాయి రూలు, అట్లకాడకి కూడా నెయ్యి తగలకూడదట. పేపర్ చదువుతూ నలభై నిమిషాలు కూచున్నారు పాపం, మధ్యలో రెండుసార్లు "నా పేరు వచ్చిందా" అని అడిగారు. అట్టు పళ్ళెంలో పెట్టాక ఉప్మా ఏదీ అన్నారు. ఇవాళ లేదండీ అన్నా. ఆ మొహం చూడాలి.

నాకు మాత్రం అసలు శిక్ష తర్వాత పడింది. మూడు నెలల కింద బ్లడ్ టెస్టులో నాకు హిమోగ్లోబిన్ తక్కువగా, 10.2 వచ్చింది, ఐరన్ మాత్రలు రాశారు, వేసుకుంటున్నా అప్పుడప్పుడూ. అట్టు తినగానే అలవాటుగా టీ గిన్నె పెట్టబోతే మా అమ్మాయి స్టవ్ ఆపేసింది. టిఫిన్ తినగానే టీ తాగితే ఆ పెసల్లో ఉన్న ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదట, గంట ఆగాలట, టీ బదులు నిమ్మకాయ పిండుకుంటే సి విటమిన్ వల్ల ఇంకాస్త పడుతుందట. పళ్ళెంలో మిగిలిన ఆఖరి అట్టు మీద నిమ్మచెక్క పిండి నా నోట్లో పెట్టింది. నేను పిల్లకి తినిపిద్దామని నాలుగున్నరకి లేస్తే ఇదేంటో. ఆ గంటసేపు గడియారం వంక చూస్తూ బట్టలు మడతపెట్టా, ఒకే చొక్కా రెండుసార్లు మడతపెట్టినట్టున్నా.

కానీ ఒకటి చెప్పాలి, పదకొండింటికి ఎవరూ డబ్బాలు తియ్యలేదు. జంతికల డబ్బా మూత తీసిన చప్పుడు కోసం చెవి ఒగ్గి మరీ విన్నా.

మధ్యాహ్నం దాని బ్యాగు సర్దుతూ రెండు కిలోల పెసలు పెట్టా. వద్దమ్మా బరువు అంది. జిమ్‌లో ఎత్తుతావు కదా, ఇవి ఎత్తలేవా అన్నా. నవ్వి, ఇనప పెనం కూడా ఇస్తావా మరి అంది. పుల్కాల పెనం ఇస్తా, అట్ల పెనం ఇవ్వను అన్నా, అది మా అత్తగారిది.

ఫ్రిజ్‌లో ఆరు అట్ల పిండి మిగిలింది. సాయంత్రానికి అట్టు పోస్తే బాగోదని తెలుసు, పారబోయడానికి మనసొప్పలేదు. ఏడింటికి అందులో ఉల్లిపాయ ముక్కలు, కరివేపాకు వేసి, మూకుట్లో నూనె నిండా పోసి పునుగులు వేశా. ప్రోటీన్ లెక్క, నూనె లెక్క ఎవరూ అడగలేదు. బెంగళూరు బస్సు పదింటికి, అది పదకొండు పునుగులు తిని, ఇంకో ఆరు పేపర్‌లో కట్టించుకుని వెళ్ళింది.