సెట్టును వెనకనుంచి చదవడం

ఈ సంచికలో హాస్టల్ గురించీ, వార్షికోత్సవాల గురించీ రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. ఇది ప్రోస్తో ల్యాబ్ గురించి, అంటే పళ్ళసెట్లు తయారుచేసే గది గురించి. రెండేళ్ళ డెంటల్ మెకానిక్ కోర్సులో అనాటమీ, మెటీరియల్స్, మెటలర్జీ అంటూ చాలానే చదివిస్తారు గానీ, అసలు చదువు ఒక్కటే. తయారైన సెట్టు చేతికిస్తే, అందులోని లోపం ఏ దశలో పుట్టిందో చెప్పగలగాలి. పళ్ళసెట్టులో తప్పు పుట్టిన చోట కనబడదు. స్టోన్ (నోటి నమూనా పోసే గట్టి జిప్సం పొడి) కలిపేటప్పుడు జరిగిన పొరపాటు రోగి నోట్లో సెట్టు ఊగినప్పుడు గానీ బయటపడదు. ఆ మధ్యలో పది పన్నెండు మెట్లుంటాయి. ఇలా వెనక్కి చదవడానికి విడిగా పేపరూ లేదు, మార్కులూ లేవు. బల్ల దగ్గర నిలబడి నేర్చుకోవలసిందే.

1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్ ఎవరి పని ఏమిటో గీత గీసి చెప్పింది. సెట్లూ, నోట్లో పెట్టుకునే ఇతర పరికరాలూ తయారుచేయడం, బాగుచేయడం మెకానిక్ పని. గార తీసి పళ్ళు శుభ్రం చేయడం, మెరుగు పెట్టడం, నోటి శుభ్రత నేర్పడం హైజీనిస్టు పని. రోగి నోట్లో చెయ్యి పెట్టి కొలత తీయడం డాక్టరు చేయాల్సిందే. కాబట్టి మన బల్ల మీదికి రోగి రాడు. ఒక ఇంప్రెషనూ (నోటి అచ్చు), దానితోపాటు ఒక చీటీ వస్తాయి. ఆ రెండింటి నుంచే మొత్తం నోటిని ఊహించుకోవాలి.

ఆల్జినేట్ (నీటితో కలిపి అచ్చు తీసే పదార్థం) ఇంప్రెషన్ వస్తే ముందు చూడాల్సింది గడియారం. పది, పదిహేను నిమిషాల్లో అందులో స్టోన్ పోసెయ్యాలి. ఆల్జినేట్ గాలికి ఉంటే నీరు వదిలి కుంచించుకుపోతుంది, నీళ్ళలో ముంచి ఉంచితే పీల్చుకుని ఉబ్బుతుంది. రెండు విధాలా కొలత మారిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద పెట్టిన ట్రే సంగతి చెప్పనక్కర్లేదు. తప్పనిసరిగా ఆపాల్సి వస్తే తడి గుడ్డలో చుట్టి కవర్లో పెట్టాలి, అదీ కాసేపే. పోసేముందు కుళాయి నీటితో లాలాజలం, రక్తం పోయేలా కడిగి, హైపోక్లోరైట్ ద్రావణం చల్లి, పది నిమిషాలాగి మళ్ళీ కడిగి, నిలిచిన నీటిని దులపాలి. తొందరలో అందరూ ఎగ్గొట్టేది ఈ కడగడమే. లాలాజలం మిగిలితే అది తగిలిన చోట కాస్ట్ (అచ్చులో స్టోన్ పోసి తీసిన నమూనా) ఉపరితలం సుద్దలా మెత్తబడి, గీరితే పొడి రాలుతుంది. అలాంటి కాస్ట్ మీద ఎంత నేర్పుగా పళ్ళు అమర్చినా ఆ సెట్టు నోట్లో కరుచుకోదు.

జిప్సం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే సగం తప్పులకు పుట్టిల్లు అదే. వంద గ్రాముల హెమిహైడ్రేట్ (ప్లాస్టర్, స్టోన్ పొడుల్లో ఉండే పదార్థం) గట్టిపడటానికి రసాయనికంగా కావలసిన నీళ్ళు 18.6 మిల్లీలీటర్లు మాత్రమే. అంతకు మించి పోసేదంతా కలపడానికి వీలుగా ఉండాలని పోసేదే. ఆ అదనపు నీరు తర్వాత ఆరిపోయి సన్నని రంధ్రాలు మిగులుస్తుంది. ప్లాస్టర్‌కు వందకు 45 నుంచి 50, డెంటల్ స్టోన్‌కు 28 నుంచి 30, డై స్టోన్‌కు 22 నుంచి 24 మిల్లీలీటర్లు. స్టోన్ బలంగా ఉండటానికి కారణం ఇక్కడే ఉంది. దాని రేణువులు నున్నగా, దట్టంగా ఉండి తక్కువ నీటితోనే కలుస్తాయి. అలాంటి స్టోన్‌లో కంటి అంచనాతో 40 పోస్తే ఖరీదైన పొడితో ప్లాస్టర్ చేసుకున్నట్టే.

ముందు నీళ్ళు, తర్వాత పొడి. పొడి మీద నీళ్ళు పోస్తే అడుగున గడ్డలు, లోపల గాలి. రబ్బరు గిన్నెలో పొడిని చల్లుతూ వేసి, అది తడిసేదాకా కొద్ది సెకన్లు ఆగి, ఒక నిమిషం గిన్నె గోడకు ఒత్తుతూ కలపాలి. గట్టిపడటం మొదలైన ముద్దలో మళ్ళీ నీళ్ళు పోసి కలిపేవాళ్ళుంటారు. అప్పటికే ఏర్పడిన స్ఫటికాలు విరిగిపోయి కాస్ట్ బలం చచ్చిపోతుంది. పోసేటప్పుడు వైబ్రేటర్ మీద ట్రేను ఒక కొస నుంచి నింపుకుంటూ రావాలి. రెండు వైపులా పోస్తే మధ్యలో గాలి ఇరుక్కుంటుంది. ఆ బుడగ ముందుపన్ను అంచు మీద పడితే కాస్ట్ పారేయడమే. ఇంకొకటి, వర్షాకాలంలో మూత సరిగా పెట్టని స్టోన్ డబ్బా మొదట్లో మామూలుకన్నా త్వరగా గట్టిపడుతుంది, తేమ ఇంకా పట్టాక బాగా నెమ్మదిస్తుంది. తేమ వల్ల ముందే ఏర్పడ్డ స్ఫటికాలు మొదట విత్తనాల్లా పనిచేయడమే దీనికి కారణం. డబ్బా మీద తెరిచిన తేదీ రాసి పెట్టే అలవాటు లేని ల్యాబ్‌లో స్టోన్ తీరు రోజుకో రకంగా ఉంటుంది.

స్పెషల్ ట్రే (ఆ రోగి కోసమే చేసే, అచ్చు తీసే పళ్ళెం), రికార్డ్ బేస్ (దవడ కొలతల కోసం చేసే తాత్కాలిక అడుగు), దాని మీద పళ్ళ స్థానంలో నిలిపే మైనం రిమ్ముల సంగతి క్లుప్తంగా చాలు. పై రిమ్ము ముందు ఎత్తు సుమారు 22 మిల్లీమీటర్లు, కింది రిమ్ము ముందు 18, కింద వెనకవైపు రెట్రోమోలార్ ప్యాడ్ (కింది దవడ చివర ఉండే మెత్తని దిబ్బ) ఎత్తులో మూడింట రెండొంతుల దాకా. ఇవి మొదలుపెట్టే అంకెలు మాత్రమే, తర్వాత డాక్టరు నోట్లో చూసి తగ్గిస్తాడు. తగ్గించడానికి వీలుగా ఉండటమే వీటి ప్రయోజనం కాబట్టి మరీ చెక్కి అందంగా చేసి పంపే శ్రమ వృథా.

పళ్ళ అమరిక మాత్రం కంఠతా రావాలి. పైవరసలో మొదటి కొరుకుడు పన్ను అంచు ఆక్లూజల్ ప్లేన్‌ను (పై, కింది పళ్ళు కలిసే ఊహా తలాన్ని) తాకుతుంది, పక్కది అర మిల్లీమీటరు నుంచి ఒకటి దాకా పైకి ఉంటుంది, కోరపన్ను మొన మళ్ళీ తాకుతుంది. మొదటి ప్రీమోలార్‌లో (కోరపన్ను వెనక ఉండే చిన్న దవడపన్ను) చెంపవైపు కస్ప్ (పంటి మీది మొన) తాకి, అంగిలివైపుది అర మిల్లీమీటరు లేచి ఉంటుంది. రెండో ప్రీమోలార్‌లో రెండూ తాకుతాయి. మొదటి మోలార్‌లో (పెద్ద దవడపన్ను) మీసియోపాలటల్ కస్ప్ (ముందువైపు, అంగిలివైపు ఉన్న మొన) ఒక్కటే, రెండో మోలార్‌లో ఏదీ తాకదు. ఇలా వెనక్కి పోయేకొద్దీ లేపడం వల్లే, దవడ ముందుకు జరిగినప్పుడు వెనకపళ్ళు విడిపోకుండా తాకుతూ ఉంటాయి. కారణం తెలియకుండా అంకెలు బట్టీ పట్టినవాళ్ళు దవడ ఆకారం కొంచెం మారగానే తడబడతారు.

మైనంలో అమర్చిన సెట్టును నోట్లో పెట్టి చూసే ట్రైలు అయ్యాక ఫ్లాస్కింగ్, అంటే దాన్ని ఫ్లాస్కు అనే రెండు భాగాల లోహపు పెట్టెలో స్టోన్‌తో మూయడం. ఫ్లాస్కును మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలుంచి తెరిస్తే మైనం మెత్తబడి ముద్దగా వస్తుంది. అలా రావాలి కూడా. మరిచిపోయి పావుగంట వదిలేస్తే మైనం కరిగి స్టోన్‌లోకి ఇంకుతుంది. అప్పుడు పైన పూసే కోల్డ్ మోల్డ్ సీల్ (స్టోన్‌కు ఎక్రిలిక్ అంటకుండా పూసే ద్రవం) పట్టదు, ఎక్రిలిక్ (సెట్టు బేస్ చేసే ప్లాస్టిక్) స్టోన్‌కు అంటుకుని, తీశాక అంగిలివైపు తెల్లని పొరతో గరుకుగా వస్తుంది. మిగిలిన మైనాన్ని సబ్బుపొడి కలిపిన మరిగే నీళ్ళతో, తర్వాత మామూలు మరిగే నీళ్ళతో కడగాలి. ముఖ్యంగా పళ్ళ అడుగుభాగం. సెట్టు ఇచ్చిన నెలకే ముందుపన్ను ఊడి వచ్చిందని రోగి తిరిగొస్తే, ఆ గుంటలోకి చూడాలి. నున్నగా మెరుస్తూ, పన్ను అడుగు అచ్చు చెక్కుచెదరకుండా ఉంటే అక్కడ ఎక్రిలిక్ అసలు అతకలేదన్నమాట. మైనమో, పొరపాటున పంటి మీదికి కూడా పూసిన సీలో అడ్డుపడింది. అదే గుంట గరుకుగా విరిగి, పంటి ముక్క అందులోనే మిగిలితే అతుకు బాగానే ఉంది, దెబ్బో అమరిక తప్పో వెతకాలి.

ఇక ఎక్రిలిక్. పొడి, ద్రవం (దీన్నే మోనోమర్ అంటారు) కొలతలో మూడుకు ఒకటి. మూత ఉన్న గాజు లేదా పింగాణీ పాత్రలో కలిపి మూసి ఉంచితే ఇసుకలా, తీగలా, పిండిలా, రబ్బరులా, చివరకు బిర్రుగా మారుతుంది. పిండి దశలోనే ప్యాక్ చేయాలి. గుర్తు ఏమిటంటే పాత్ర గోడలకు అంటుకోకుండా విడిపోతుంది, వేలితో లాగితే తీగలు సాగవు. వేసవిలో ఈ దశ తొందరగా వచ్చి తొందరగా పోతుంది. చల్లబరిచిన పాత్ర వాడితే కాస్త వెసులుబాటు. ద్రవం ఒక్కటే గట్టిపడితే పరిమాణం సుమారు 21 శాతం తగ్గుతుంది. మూడుకు ఒకటి కలిపితే అది 7 శాతం దగ్గర ఆగుతుంది. పొడి తడవలేదని ఇంకొంచెం ద్రవం పోసినప్పుడల్లా ఈ అంకె పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. తడి సెలోఫేన్ పెట్టి ప్రెస్సులో నెమ్మదిగా మూసి, అంచుల్లో పొంగినది కోసి, పొంగు రాకుండా పోయేదాకా మళ్ళీ మూయాలి. చివరిసారి సెలోఫేన్ తీసి, ఫ్లాస్కు రెండు భాగాల లోహమూ లోహమూ తాకేలా బిగించాలి. తాకకపోతే ఆ సందు మేరకు సెట్టు ఎత్తు పెరుగుతుంది. ఆర్టిక్యులేటర్ (దవడల కదలికను అనుకరించే పరికరం) మీద మళ్ళీ ఎక్కించినప్పుడు దాని ముందువైపు పిన్ను కింది పలకను తాకకుండా లేచి ఉంటే తప్పు దాదాపుగా ఇక్కడిదే. అందుకే కాస్ట్ అడుగున గాట్లు పెట్టి, విడదీసి మళ్ళీ అదే చోట కూర్చునేలా మౌంట్ చేయడం మొదటి రోజు నుంచీ అలవాటు చేస్తారు. ఆ గాట్లు లేని కాస్ట్‌తో ఈ పరీక్షే కుదరదు.

క్యూరింగ్‌కు (వేడితో ఎక్రిలిక్‌ను గట్టిపరచడానికి) రెండు దారులు. 74 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలకు పైగా, లేదా 74 దగ్గర రెండు గంటలుంచి ఆపైన మరిగే నీళ్ళలో ఒక గంట. నేరుగా మరిగే నీళ్ళలో వేయకూడదనడానికి కారణం సూటిగా ఉంది. మోనోమర్ మరిగేది 100.8 డిగ్రీల దగ్గర. గట్టిపడేటప్పుడు ఎక్రిలిక్ తనంతట తానే వేడి పుట్టిస్తుంది. మందమైన చోట ఆ వేడి బయటికి పోలేక, చుట్టూ ఉన్న నీటికన్నా లోపల ఉష్ణోగ్రత పెరిగి, మోనోమర్ మరిగి బుడగలవుతుంది.

బుడగల్ని చూసి కారణం చెప్పడం ల్యాబ్ వైవాకు ఇష్టమైన ప్రశ్న, అది న్యాయమే. కింది సెట్టు వెనకభాగంలో, మందంగా ఉన్నచోట, లోపల మాత్రమే గుండ్రని బుడగలుంటే వేడి తొందరగా ఎక్కించారు. సెట్టంతా అక్కడక్కడా, సన్నని చోట్ల కూడా, వంకరటింకర ఖాళీలుంటే పిండి చాలలేదు లేదా ఒత్తిడి చాలలేదు. పైన పలుచటి చోట తెల్లగా, మంచు పట్టినట్టు ఉంటే ద్రవం తక్కువైంది లేదా మూత తెరిచి ఉంచడంతో ఆవిరైపోయింది. ఈ మూడింటికీ మెరుగు పెట్టే పని ఒకటే అనుకుని ప్యూమిస్ (మెరుగు పెట్టే రాతిపొడి) చక్రం మీద రుద్దితే పైపై గుంటలు తెరుచుకుని ఇంకా వికారంగా తయారవుతుంది.

క్యూరింగ్ అయ్యాక ఫ్లాస్కును బల్ల మీద అరగంట చల్లారనిచ్చి, పావుగంట కుళాయి నీటి కింద పెట్టి తెరవాలి. వేడిగా తెరిస్తే సెట్టు వంకరవుతుంది. స్టోనూ ఎక్రిలికూ వేర్వేరు మోతాదుల్లో కుంచించుకుంటాయి కదా. మెరుగు పెట్టేటప్పుడు ప్యూమిస్ తడిగా ఉండాలి, చక్రం ఒకేచోట ఆగకూడదు. పూర్తయిన సెట్టును డాక్టరుకు చేరేదాకా నీళ్ళలోనే ఉంచాలి.

పక్క గదిలో హైజీనిస్టుల క్లాసు. మనవాళ్ళు దాన్ని తేలికగా చూసేవారు, అది సరికాదు. ఆ వృత్తికి అమెరికాలో కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే డాక్టరు బీజం వేశాడు. 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు పళ్ళు శుభ్రం చేయడం నేర్పి, 1913లో బడి పెట్టాడు. వాళ్ళ చదువులో కష్టం కోణాల దగ్గర ఉంది. క్యూరెట్ (గార గీకే పరికరం) అంచు పంటికి 45 డిగ్రీలకు తక్కువుంటే గార మీద జారి దాన్ని నునుపు చేసి వదిలేస్తుంది, 90 దాటితే చిగురును కోస్తుంది. గ్రేసీ రకం క్యూరెట్లలో 11-12 నంబర్లది వెనకపళ్ళ ముందువైపుకు, 13-14 వాటి వెనకవైపుకు. మొద్దుబారిన పరికరంతో బలం ఎక్కువ పెట్టాల్సి వచ్చి చెయ్యి జారుతుంది. అందుకే సానపట్టడానికి అంత సమయం ఇస్తారు. కుర్చీ పక్కన కూర్చునే చోటు కూడా గడియారం లెక్కే, రోగి తల పైభాగం 12 వైపు అనుకోవాలి. కుడిచేతి డాక్టరుది 7 నుంచి 12 దాకా, సహాయకురాలిది 2 నుంచి 4, పరికరాలు చేతులు మారేది 4 నుంచి 7 మధ్య, అంటే రోగి ముక్కుకూ కళ్ళకూ దూరంగా, గడ్డం కింద.

ఇప్పుడు చాలా ల్యాబుల్లో స్కానరూ, మిల్లింగ్ యంత్రమూ వచ్చాయి. స్టోన్ నిష్పత్తులు ఇక ఎందుకని జూనియర్లు అడగవచ్చు. స్కాన్ చేసేది ఇంప్రెషన్‌నో కాస్ట్‌నో అయితే అందులోని వంకర తెరమీద కూడా అలాగే వంకరగానే ఉంటుంది, కాకపోతే చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మారని విషయం ఇంకొకటి ఉంది. మోనోమర్ పిండిని వట్టి వేళ్ళతో నలిపితే చర్మం పగిలి దురదలు పడతాయి. ఇన్వెస్ట్‌మెంట్ (లోహం పోతపోసే అచ్చు చేసే) పొడిలో సిలికా ఉంటుంది. లోహం గీసేటప్పుడు మాస్కూ, దుమ్ము లాగే యంత్రమూ లేకపోతే నష్టం ఏళ్ళ తర్వాత ఊపిరితిత్తుల్లో తెలుస్తుంది. ఈ పాఠాన్ని మన కోర్సులో మరీ తక్కువ చేసి చెప్పేవారు.

విరిగిన పై సెట్టు బల్ల మీదికి వచ్చినప్పుడే ఈ చదువు పూర్తిగా పనికొస్తుంది. నిలువునా మధ్యకు రెండుగా విరిగిందనుకుందాం. అతికేముందు కారణం చూడాలి. ముందువైపు, పెదవిని చిగురుకు కలిపే పొర (ఫ్రీనం) కోసం కోసిన గాటు మరీ లోతుగా, కోసుగా ఉందా? క్యాలిపర్‌తో అంగిలి మందం కొలిస్తే రెండు మిల్లీమీటర్లు ఉందా? పళ్ళు ఎముక అంచు దాటి బయటికి అమర్చారా? లేక సెట్టు పాతదై, ఎముక అరిగి, అంగిలి మధ్య గట్టిభాగం మీద ఊగుతోందా? చివరిదైతే ఎంత బాగా అతికినా అక్కడే మళ్ళీ విరుగుతుంది. ఆ మాట చీటీ వెనక రాసి, రీలైన్ (లోపలివైపు కొత్త పొర వేయడం) చేయాలేమో చూడమని డాక్టరుకు చెప్పాలి.

ముక్కల్ని కడిగి ఆరబెట్టి, స్టికీ వాక్స్‌తో కలిపి, పైన అడ్డంగా రెండు అగ్గిపుల్లలు అతికిస్తే కదలవు. లోపలి వైపు లోతుల్ని పూడ్చి ప్లాస్టర్ పోయాలి. గట్టిపడ్డాక ముక్కలు విడదీసి, విరిగిన అంచుల్ని మధ్యలో సుమారు మూడు మిల్లీమీటర్ల సందు వచ్చేలా గీసి, ఏటవాలు చేసి, కాస్ట్‌కు సీల్ పూసి తిరిగి కూర్చోబెట్టాలి. అంచులకు మోనోమర్ మూడు నిమిషాల పాటు తడుపుతూ ఉండి, కోల్డ్ క్యూర్ (కాచకుండానే గట్టిపడే ఎక్రిలిక్) పొడీ ద్రవమూ కొద్దికొద్దిగా వేస్తూ కొంచెం ఉబ్బెత్తుగా నింపాలి. ప్రెషర్ పాట్ ఉంటే గోరువెచ్చని నీళ్ళలో పది, పదిహేను నిమిషాలు. హీట్ క్యూర్ ఎక్రిలిక్ ఇంతకన్నా బలమైనదే కానీ, మళ్ళీ కాచితే పాత బేస్ వంకరపోతుంది, అందుకే ఇక్కడ వాడరు. గీసి మెరుగు పెట్టాక కాస్ట్ మీద పెట్టి రెండు వైపులా మార్చి మార్చి నొక్కి చూడాలి. ఊగితే పంపకూడదు.