"ఏ గ్రూపు?" అని అడగని మనిషి దొరికితే చెప్పండి

పదో తరగతి రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, హైదరాబాద్‌లో లిఫ్టులో ఎదురైనవాళ్ళు కూడా "ఏ గ్రూపు?" అనే అడుగుతారు. ఎంపీసీ అంటే ఒక చూపు, బైపీసీ అంటే ఇంకో చూపు, హెచ్‌ఈసీ అన్నారో "అయ్యో, మార్కులు రాలేదా?" అన్నట్టు మొహం పెడతారు. పదిహేనేళ్ళ పిల్లకి హిస్టరీ ఇష్టం ఉండొచ్చని, అదే పిల్లకి లెక్కలు కూడా బాగా రావొచ్చని మనకి తట్టదు.

మా అక్క కూతురు ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్) స్కూల్లో చేరాక ఈ గొడవ దగ్గర్నుంచి చూశాను. అక్కడ డిప్లొమాలో భాషలు, సైన్సు, సోషల్, లెక్కలు అన్నీ ఉండాల్సిందే, పైగా తనే ఎంచుకున్న విషయం మీద నాలుగు వేల పదాల దాకా వ్యాసం ఒకటి రాయాలి. అమెరికాలో కొన్ని హైస్కూళ్ళలో కాన్సంట్రేషన్ అంటారు, పర్యావరణమో ప్రజారోగ్యమో ఒకదాన్ని పట్టుకుని, దానికి పనికొచ్చే క్లాసులు వేర్వేరు డిపార్ట్‌మెంట్లలో చదివి, చివర్లో సొంతంగా ప్రాజెక్టు చెయ్యడం. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆర్ట్స్‌కీ సైన్స్‌కీ మధ్య గోడలు ఉండకూడదనే చెప్పింది. కాగితం మీద.

అయితే ఫిజిక్స్ పక్కన హిస్టరీ పీరియడ్ పెట్టేసి ఇంటర్‌డిసిప్లినరీ, అంటే సబ్జెక్టులు కలిపి చదివించడం, అని బ్రోచర్‌లో రాసుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు ఒక ప్రశ్న ఉండాలి, సబ్జెక్టులు దాని వెనకాల వస్తాయి.

మా అక్క కూతురు తన వ్యాసానికి మూసీ వరదలు తీసుకుంది. మొదట అంతా లెక్కలే అనుకుంది. చదరపు కిలోమీటరు మేర ఒక సెంటీమీటరు వాన పడితే పదివేల ఘనపు మీటర్ల నీళ్ళు, అందులో ఎంత ఇంకుతుంది, ఎంత పారుతుంది అన్నది నేల మీద ఆధారపడుతుంది, ఆ నేల ఇప్పుడు కాంక్రీటు. అక్కడితో ఆగిందా? 1908 సెప్టెంబర్ వరద దగ్గరికి వెళ్తే ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారన్న కథ, తల్లినీ భార్యనీ బిడ్డనీ ఆ నీళ్ళలో పోగొట్టుకున్న కవి అమ్జద్ హైదరాబాదీ, ఆ తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలు. వాటిని కాపాడ్డానికి చుట్టుపక్కల కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో వచ్చిన 111 జీవో, ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో ఇంకో జీవో. ఉప్పల్ అవతల మూసీ నీళ్ళతో పారాగడ్డి పెంచి గేదెల మేతకి అమ్మే రైతుల దగ్గరికి కూడా వెళ్ళొచ్చింది. "పిన్నీ, ఆ నీళ్ళలో ఏముందో చెప్పాలంటే కెమిస్ట్రీ కావాలి, వాళ్ళు ఆ నీళ్ళే ఎందుకు వాడుతున్నారో చెప్పాలంటే ఎకనామిక్స్ కావాలి, నేను ఎవర్ని గైడ్‌గా పెట్టుకోను?" అంది. నేనేం చెప్తాను, మీ టీచర్లిద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టమ్మా అన్నాను. వాళ్ళిద్దరికీ ఖాళీ పీరియడ్ కలవదట! అంత ఫీజు కట్టించుకునే స్కూల్లో టైంటేబుల్ కుదరదు.

కాబట్టి ఇలాంటి ప్రోగ్రాం ఉందని ఏ స్కూలైనా చెప్తే ల్యాబ్‌లూ స్మార్ట్ బోర్డులూ చూసి మురిసిపోకండి. ఇద్దరు టీచర్లు కలిసి కూర్చునే పీరియడ్ వారంలో ఉందా అని అడగండి, పోయినేడు పిల్లలు రాసినవి రెండు చూపించమనండి. నసిగితే లేచి వచ్చెయ్యండి. ఇంకో సంగతి, జేఈఈ రాయాలంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ తప్పవు, నీట్‌కి బయాలజీ తప్పదు. ఆ దారి మీద ఏ కాస్త ఆశ ఉన్నా సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి, తర్వాత ఏడ్చి లాభం లేదు.

మరి మామూలు ఇంటర్ పిల్లల సంగతి? తెల్లారి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే కాలేజీలో ప్రశ్న పుట్టడానికే సందు లేదు. సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకునేది కూడా మార్కుల కోసమే కదా. ఫస్టియర్ పరీక్షలకీ సెకండియర్ క్లాసులకీ మధ్య దొరికే ఆ కాసిని వేసవి రోజుల్ని బ్రిడ్జి కోర్సులకి ఇవ్వకుండా ఉంటే, బోరు ఎందుకు ఎండిందో, వీధి చివరి కుంట ఎప్పుడు ప్లాట్లయిందో కనుక్కోమని పంపొచ్చు. మా పక్కింటాయనతో ఈ మాటే అంటే "ర్యాంకు ఎవరిస్తారండీ?" అన్నారు.